ఎదురెండలో బండి: విశాఖ రోడ్ల మీద అపోహలు – వాస్తవాలు

పొద్దున్న ఏడు కాకముందే ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటి మద్దిలపాలెం వైపు బండి తిప్పితే సూర్యుడు సరిగ్గా మొహం మీద ఉంటాడు. సాయంత్రం అదే దారిలో వెనక్కి వస్తే మళ్లీ మొహం మీదే. గాజువాక నుంచి ఎన్‌ఏడీ దాకా హైవే ఎక్కువగా ఉత్తరం వైపు సాగుతుంది. అక్కడ మలుపు తిరిగాక కంచరపాలెం, తాటిచెట్లపాలెం, అక్కయ్యపాలెం మీదుగా మద్దిలపాలెం వరకు దాదాపు తూర్పు పడమరలుగా ఉంటుంది. మార్చి, సెప్టెంబరు నెలల మూడు నాలుగు వారాల్లో సూర్యుడు నేరుగా తూర్పున ఉదయించి నేరుగా పడమట దిగుతాడు కాబట్టి, ఆ రోజుల్లో ఈ ముక్క మీద ఎదురెండ మరీ ఎక్కువ. కాన్వెంట్ జంక్షన్ నుంచి షీలానగర్ వెళ్లే పోర్టు రోడ్డులో సాయంత్రం పూట ఇదే ఇబ్బంది, దానికి లారీలు లేపే దుమ్ము తోడు. బీచ్ రోడ్డు సంగతి వేరు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు వెళ్తుంటే పొద్దుటెండ కుడివైపు నుంచి వస్తుంది, నీళ్ల మీద పడి రెండోసారి కూడా కళ్లలో కొడుతుంది.

మన అక్షాంశంలో సూర్యుడు గంటకు సుమారు 14 డిగ్రీలు పైకి ఎక్కుతాడు. 20 డిగ్రీల ఎత్తు దాటితే హెల్మెట్ అంచే అడ్డం పడుతుంది. అంటే అసలు ప్రమాదమంతా ఉదయించాక గంటన్నర, అస్తమించే ముందు గంటన్నర. జూన్‌లో ఇక్కడ 5:20 ప్రాంతానికే తెల్లారుతుంది కాబట్టి ఆఫీసుకు వెళ్లేవాళ్లకు పొద్దుటిపూట బాధ తక్కువ. డిసెంబరు మొదట్లో సాయంత్రం 5:20 దాటగానే సూర్యుడు దిగిపోతాడు, అప్పుడు నాలుగు నుంచి సూర్యుడు దిగేదాకా జాగ్రత్త కావాలి.

ఇక రోజూ వినిపించే మాటలు ఒక్కొక్కటీ చూద్దాం.

అపోహ: హెల్మెట్ అద్దం ఎంత నల్లగా ఉంటే ఎదురెండలో అంత బాగా కనిపిస్తుంది.

వాస్తవం: నల్ల అద్దం సూర్యుడిని ఎంత తగ్గిస్తుందో, సూర్యుడి కింద నీడలో ఉన్న ఆటోనూ, రోడ్డు దాటుతున్న మనిషినీ అంతే తగ్గిస్తుంది. వెలుతురులో ఐదో వంతే పోనిచ్చే అద్దం పెడితే సూర్యుడు ఐదో వంతుకు తగ్గుతాడు, అసలే మసగ్గా ఉన్న ఆ మనిషి కూడా ఐదో వంతుకు తగ్గుతాడు. రెండింటి మధ్య తేడా అలాగే ఉంటుంది. కంటికి హాయిగా అనిపిస్తుంది, కానీ చూడాల్సింది కనిపించదు. హాయి, చూపు వేరువేరు విషయాలు. ఎదురెండలో కావలసింది ముందుగా నీడ, ఆ తర్వాతే నలుపు.

యూరప్ పాత హెల్మెట్ ప్రమాణం ఈసీఈ 22.05 లెక్క చూడండి. మామూలు వైజర్ (హెల్మెట్ అద్దం) కనీసం 80 శాతం వెలుతురు పోనివ్వాలి. 50 నుంచి 80 శాతం మధ్య ఉంటే పగటిపూటకు మాత్రమే అని దాని మీద రాసి ఉండాలి. రోడ్డు పక్క స్టాళ్లలో దొరికే కాటుక నలుపు, రెయిన్‌బో అద్దాల్లో చాలావాటి మీద ఏ అంకే ఉండదు. పైన మెరిసే రంగు పూతను చూసి మోసపోవద్దు, లోపలి నలుపు ఎంతన్నదే ముఖ్యం.

చాలామంది చేసే ఇంకో పొరపాటు, నల్ల వైజర్ కింద కూలింగ్ గ్లాసులు పెట్టుకోవడం. 30 శాతం పోనిచ్చే వైజర్, 15 శాతం పోనిచ్చే గ్లాసులు కలిస్తే కంటికి చేరేది నాలుగున్నర శాతం. కూలింగ్ గ్లాసుల్లో 3 నుంచి 8 శాతం మాత్రమే పోనిచ్చేవి నాలుగో తరగతి కిందికి వస్తాయి. అవి మంచు కొండల మీద పెట్టుకునేవి, బండి నడపడానికి పనికిరావని ప్రమాణమే చెబుతుంది. సాదా వైజర్ కింద రెండో తరగతి (18–43 శాతం) గ్లాసులు చాలు. చీకటి పడుతుంటే బండి ఆపి, తీసి జేబులో వేసుకోవచ్చు. నల్ల వైజర్ తప్పదనుకుంటే, సాదా వైజర్ ఒకటి పాత సాక్సులో చుట్టి బ్యాగులో ఉంచండి. మన దగ్గర సూర్యుడు దిగిన అరగంటలోపే చీకటి కమ్ముతుంది. ఎదురెండ కోసం పెట్టిన అద్దం ఆ అరగంట తర్వాత కళ్లకు గంతే.

అపోహ: అద్దం మీద టేపు అంటించడం రేసుల వాళ్ల షోకు, మనకు చూపు తగ్గుతుంది.

వాస్తవం: తక్కువ ఖర్చులో ఎక్కువ పనిచేసే ఉపాయం ఇదే. కారులో సన్ షేడ్ దింపుకున్నట్టే. కరెంటు పనివాళ్లు వాడే నల్ల ఇన్సులేషన్ టేపు సుమారు 18 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. కన్ను అద్దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అంత సన్న పట్టీ కూడా ఆకాశంలో పెద్ద ముక్కనే కప్పేస్తుంది.

అంటించడంలో మాత్రం ఎక్కువమంది తప్పుతారు. వైజర్ పై అంచుకే అంటించేస్తారు. అద్దం దించితే ఆ అంచు హెల్మెట్ నుదురు మీదికి పోతుంది, టేపు పెట్టినా పెట్టనట్టే. సరైన పద్ధతి ఇది. హెల్మెట్ పెట్టి, పట్టీ బిగించి, బండి మీద రోజూ కూర్చునే తీరులో కూర్చోండి. అద్దం దించండి. హెల్మెట్ నుదుటి అంచు అద్దం మీద ఎక్కడ ఆగుతుందో ఇంకొకరి చేత స్కెచ్ పెన్నుతో రెండు మూడు చుక్కలు పెట్టించండి. హెల్మెట్ తీసి, అద్దం కడిగి ఆరబెట్టి, టేపు పై అంచు ఆ చుక్కల మీదికి వచ్చేలా బయటివైపు అంటించండి. సాగదీసి అంటిస్తే చివర్లు లేచిపోతాయి, ఊరికే పరిచినట్టు అంటించి బొటనవేలితో మధ్య నుంచి పక్కలకు నొక్కుకుంటూ పోవాలి.

తర్వాత ఆగి ఉన్న బండి మీద కూర్చుని పరీక్షించండి. తిన్నగా రోడ్డు చూస్తుంటే టేపు చూపు పైన ఉండాలి, గడ్డం కొంచెం దించితే సూర్యుడు దాని వెనక్కి పోవాలి. 25–30 మీటర్ల దూరంలోని సిగ్నల్ లైటు తల ఎత్తకుండా కనిపించాలి. కనిపించకపోతే టేపు ఎక్కువ కిందికి వచ్చినట్టే, సగానికి చీల్చి అంటించండి. స్టాప్ లైన్ దగ్గర ఆగినప్పుడు పైన వేలాడే సిగ్నల్ టేపు చాటుకు పోతుంది, అప్పుడు గడ్డం ఎత్తి చూడాల్సిందే. ఎండలో పార్క్ చేసే బండి అయితే జిగురు కరిగి జారుతుంది. రెండు మూడు వారాలకు ఒకసారి నెమ్మదిగా ఊడదీసి, మిగిలిన జిగురును గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లతో తీసేసి కొత్తది వేయండి.

ముందుకు పొడుచుకొచ్చిన చూరు ఉన్న హెల్మెట్లు కూడా ఇదే పని చేస్తాయి. హైవే మీద వేగం పెరిగేకొద్దీ గాలి ఆ చూరును పట్టి తలను పైకి లాగుతుంది, మెడ నొప్పి పెడుతుంది. ఊళ్లో తిరిగేవాళ్లకు ఇబ్బంది లేదు.

అపోహ: అద్దం మీద దుమ్ము పడితే చొక్కా అంచుతో ఒకసారి తుడిస్తే చాలు.

వాస్తవం: విశాఖలో ఎదురెండ బాధలో పెద్ద వాటా అద్దానిది, ఎండది కాదు. వెలుతురు నున్నటి అద్దంలోంచి తిన్నగా దూసుకుపోతుంది. గీత, ఉప్పు పొర, వేలిముద్ర, ఆవిరి ఏది ఉన్నా అక్కడ చెదిరిపోయి అద్దమంతా తెల్లటి తెరలా వెలుగుతుంది. ఆ తెర వెనకే రోడ్డు ఉంటుంది.

జోడుగుళ్లపాలెం నుంచి సాగర్‌నగర్ దాకా బీచ్ రోడ్డులో ఒక్కసారి వెళ్లొచ్చి అద్దాన్ని ఎండకు అడ్డంగా పట్టి చూడండి. సన్నటి బూడిదరంగు చుక్కలు కనిపిస్తాయి. అది ఆరిన సముద్రపు తుంపర, అంటే ఉప్పు పలుకులు. పోర్టు వైపు తిరిగేవాళ్లకు దాని మీద నల్లటి బొగ్గు నుసి కూడా చేరుతుంది. వాటిని పొడిగా తుడిస్తే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. ఒక్క తుడుపుతో పోయేది ఏమీ ఉండదు, ఏడాది పాటు రోజూ తుడిస్తే మాత్రం అద్దం మీద సాలెగూడు లాంటి గీతలు పడతాయి. గుండ్రంగా తుడిస్తే మరీ చేటు. ఎండ ఏ వైపు నుంచి వచ్చినా ఆ వలయాలు దాన్ని పట్టుకుంటాయి.

కడిగే పద్ధతి: అద్దం ఊడదీసి, తడి గుడ్డ కప్పి ఐదు నిమిషాలు వదిలేయండి. ఉప్పు కరుగుతుంది, చచ్చిన పురుగులు నానతాయి. పారే నీటి కింద పెట్టండి. మగ్గు నీళ్లలో పిల్లల షాంపూ రెండు చుక్కలు వేసి, వేళ్ల కొసలతో పైనుంచి కిందికి నిమరండి. మళ్లీ నీళ్లు పోసి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్దుతూ ఆరబెట్టండి. లోపలి వైపు కూడా కడగాలి, ఊపిరి తేమకు అక్కడ జిడ్డు పేరుకుంటుంది. పెట్రోలు, థిన్నరు, అమ్మోనియా ఉండే అద్దాల క్లీనర్లు వద్దు. వైజర్ గాజు కాదు, పాలీకార్బొనేట్. అవి దాన్ని మసకబారుస్తాయి, సన్నటి పగుళ్లు తెస్తాయి. గీతలు పోవడానికి టూత్‌పేస్ట్ రుద్దమని చెప్పేవాళ్లున్నారు. దాంతో గట్టి పూత లేచిపోయి, ఉన్న నాలుగు గీతల చోట నాలుగు వేల గీతలు వస్తాయి.

అద్దం మార్చాలా వద్దా అన్నది తేల్చుకోవడం తేలిక. రాత్రి గదిలో లైట్లు ఆర్పి, అద్దానికి అవతల చేయి చాచినంత దూరంలో ఫోన్ టార్చ్ వెలిగించి, ఇవతలి నుంచి చూడండి. వెలుగు చుక్క చుక్కలాగే ఉంటే అద్దం బాగున్నట్టు. చుట్టూ బూజు పట్టినట్టు వలయం కనిపిస్తే మార్చేయండి. హెల్మెట్ కంపెనీ, మోడల్, అద్దం లోపల అచ్చుపోసిన నంబరు చెప్పి అదే తెచ్చుకోండి. ‘సరిపోతుంది’ అని ఇచ్చే వేరే అద్దం క్లిప్పుల దగ్గర సరిగ్గా కూర్చోదు, గాలికి లేస్తుంది.

అపోహ: పోలరైజ్డ్ గ్లాసులు అన్ని రకాల ఎండ మెరుపులనూ ఆపేస్తాయి.

వాస్తవం: అవి ఆపేది పరావర్తనాన్ని. సముద్రం, తడి రోడ్డు, కారు బానెట్ మీద తట్టి వచ్చే వెలుతురు ఎక్కువగా అడ్డంగా కంపిస్తుంది, పోలరైజ్డ్ అద్దం ఆ అడ్డు కంపనాన్ని వడకట్టేస్తుంది. బీచ్ రోడ్డులో పొద్దున్న కుడివైపు నుంచి కొట్టే నీటి మెరుపుకు ఇవి చాలా బాగా పనిచేస్తాయి. నేరుగా వచ్చే ఎండకు మాత్రం వీటిలో ప్రత్యేకత లేదు, మామూలు నల్ల అద్దం ఎంతో ఇవీ అంతే.

కొనే ముందు మూడు సంగతులు చూసుకోండి. బండి డిజిటల్ మీటరు, ఫోన్ మ్యాపు వీటిలోంచి నల్లబడి కనిపించవచ్చు, తల కాస్త వంచితే మళ్లీ కనిపిస్తాయి. హెల్మెట్ అద్దం మీద ఇంద్రధనుస్సు చారలు కనిపిస్తాయి, అది అద్దం లోపం కాదు, ప్లాస్టిక్‌ను అచ్చుపోసినప్పుడు మిగిలిన ఒత్తిడి. మూడోది ముఖ్యమైనది. వాన వెలిశాక రోడ్డు మీద నీరు, చిందిన ఆయిలు ఎక్కడున్నాయో మనం మెరుపును బట్టే పసిగడతాం. ఆ మెరుపు పోతే జారే చోటు ఆలస్యంగా తెలుస్తుంది. అక్టోబరు, నవంబరు వానల్లో ఈ గ్లాసులు పెట్టుకునేవాళ్లు మలుపుల్లో వేగం తగ్గించుకోవాలి.

అపోహ: ఎండకు నల్లబడే కళ్లజోడు ఉంటే వేరే ఏమీ అక్కర్లేదు.

వాస్తవం: ఆ కళ్లజోడు నల్లబడేది ప్రధానంగా అతినీలలోహిత కిరణాలకు. సాదా హెల్మెట్ అద్దమే ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అందుకే అద్దం దించితే కళ్లజోడు సరిగా నల్లబడదు. అద్దం ఎత్తితే నల్లబడుతుంది, కానీ కంట్లో ఇసుక పడుతుంది. వేడి ఎక్కువైతే వాటి నలుపు ఇంకా తగ్గుతుంది, మన మే నెలలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

అపోహ: పసుపు అద్దాలు రాత్రి ఎదురు లైట్లను తగ్గిస్తాయి.

వాస్తవం: ఉన్న కాస్త వెలుతురులోనూ కొంత కోసేస్తాయి. రాత్రికి సాదా, శుభ్రమైన అద్దమే.

అపోహ: ఎండ కొడితే ఎడమ చేయి అడ్డం పెట్టుకుంటే సరిపోతుంది.

వాస్తవం: గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 మీటర్లు పోతాం. ఆ ఒక్క సెకనులో క్లచ్ మీద చేయి లేదు, హ్యాండిల్ ఒంటి చేతిలో ఉంది, గుంత వస్తే తిరిగిపోతుంది. గడ్డం దించండి, యాక్సిలరేటర్ మెల్లగా వదలండి. ఒక్కసారిగా బ్రేకు కొట్టొద్దు, మీకు కనిపించడం లేదంటే వెనక వస్తున్న బస్సు డ్రైవరుకూ కనిపించడం లేదు. బ్రేకు పెడల్ రెండుసార్లు తేలిగ్గా తాకి లైటు వెలిగించండి. చూపు సూర్యుడి వైపు పోకుండా ఎడమ పక్క రోడ్డు అంచు గీత మీద పెట్టండి. ముందు బండికి మామూలుగా రెండు సెకన్ల దూరం ఉంచేవాళ్లు నాలుగు సెకన్లు ఉంచాలి. ముందు బండి ఒక స్తంభం దాటగానే ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు’ అని లెక్కపెట్టుకుంటే, నాలుగు అయ్యాకే మీరు ఆ స్తంభం దగ్గరికి చేరాలి.

అపోహ: కళ్లు బాగానే ఉన్నాయి, బాధంతా ఎండదే.

వాస్తవం: నలభై దాటాక కంటి కటకం కొద్దికొద్దిగా మసకబారుతుంది. శుక్లం మొదలైతే గీతలు పడ్డ వైజర్ కంటి లోపలే ఉన్నట్టు. ఏళ్ల తరబడి ఎండలో, గాలిలో, ఇసుకలో తిరిగేవాళ్లకు నల్లగుడ్డు మీదికి కండ పాకుతుంది, దాన్నే దుర్మాంసం అంటారు. పొడిబారిన కంట్లో కూడా వెలుతురు చెదురుతుంది. అద్దం మార్చినా, టేపు వేసినా ఎదురెండలో తెల్లటి తెర తగ్గకపోతే కంటి పరీక్ష చేయించుకోండి. నగరంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. షుగరు ఉన్నవాళ్లు ఏటా ఒకసారి ఎలాగూ చూపించుకోవాలి.

అపోహ: సూర్యుడు వీపు వెనక ఉంటే మనకు భయం లేదు.

వాస్తవం: రోడ్డు మీద అన్నిటికన్నా మోసం చేసేది ఇదే. మీకు ముందంతా అద్దంలా కనిపిస్తుంది, వేగం దానంతటదే పెరుగుతుంది. ఎదురుగా వచ్చేవాడికి మాత్రం మీరు సూర్యుడిలో కలిసిపోయిన ఒక మచ్చ. 2017 ఏప్రిల్ నుంచి తయారైన మన బండ్లకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉంటున్నా, వెనక సూర్యుడు ఉంటే ఆ వెలుగు లెక్కలోకి రాదు. మీ ఇండికేటర్లు, బ్రేకు లైటు మీద కూడా ఎండ పడుతుంది, అవి వెలిగాయో లేదో వెనకవాడికి తెలియదు. అందుకే మలుపు తీసుకునేటప్పుడు ఇండికేటరుతో పాటు చేయి కూడా చూపించాలి. సిగ్నల్ లైట్ల మీద ఎండ నేరుగా పడితే ఎరుపు, పచ్చ రెండూ వెలిగినట్టే కనిపిస్తాయి, అప్పుడు పక్క బండ్లు ఆగాయా కదిలాయా చూసుకోండి.

దీనికి మీ నీడే కొలత. రోడ్డు మీద మీ నీడ మీకన్నా పొడుగ్గా ముందుకు పడి ఉంటే, అది ఎవరి వైపు చూపిస్తోందో గమనించండి. డివైడర్ తెరిచి ఉన్న చోట కుడికి తిరగడానికి నిలబడ్డ ఆటో వైపు చూపిస్తోందంటే, ఆ డ్రైవరుకు మీరు కనిపించడం లేదనే అనుకోవాలి. బ్రేకు మీద రెండు వేళ్లు ఉంచి, ఆటో ముందు చక్రాన్ని చూస్తూ నెమ్మదిగా రండి. మనిషి తల ఇటు తిరిగినా మిమ్మల్ని చూసినట్టు కాదు, చక్రం కదిలితే మాత్రం బండి కదిలినట్టే.