స్టైరీన్‌ను ఊరికే నిలవ ఉంచకూడదని ఎప్పుడో తెలుసు

2020 మే 7న తెల్లవారుజామున మూడు గంటల వేళ విశాఖపట్నం గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురాన్ని అక్కడి ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి వెలువడ్డ స్టైరీన్ ఆవిరి కమ్మేసింది. ప్లాస్టిక్, కృత్రిమ రబ్బరు తయారీకి వాడే ద్రవ రసాయనం స్టైరీన్. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్‌లో కదలకుండా ఉన్న ట్యాంకులో రసాయనం తనంతట తానే వేడెక్కిందని టీవీల్లో విన్నవాళ్లకు, ఎవరూ ఊహించనిదేదో జరిగినట్టు అనిపించింది. నిజానికి స్టైరీన్ గురించి మనిషికి మొట్టమొదట తెలిసిన సంగతుల్లో అదొకటి.

1839లో బెర్లిన్‌లో మందులు తయారుచేసే ఎడువర్డ్ సైమన్, స్టోరాక్స్ అనే చెట్టు బంకను బట్టీ పెట్టి పలచటి నూనె తీశాడు. కొన్నాళ్లు పక్కన పెట్టేసరికి అది లేత ముంజలా తయారైంది. గాలి తగిలి అలా అయిందనుకున్నాడు. 1845లో బ్లైత్, హాఫ్‌మన్ అనే ఇద్దరు గాలి చొరకుండా మూసి వేడిచేసి చూశారు. అయినా గట్టిపడింది. బయటి నుంచి ఏదీ వచ్చి కలవక్కర్లేదు, ఆ అణువులే ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులు కడతాయి. అలా కట్టేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి మరింత జోరుగా కడతాయి. చిన్న సీసాలో అయితే గడ్డ మిగులుతుంది. వందల టన్నుల ట్యాంకులో అయితే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు.

దీన్ని సరుకుగా మార్చింది రబ్బరు అవసరం. రబ్బరు తోటలున్న వలస దేశాలు జర్మనీకి లేవు. 1929లో జర్మన్ కంపెనీ ఐజీ ఫార్బెన్‌లో వాల్టర్ బాక్, ఎడువర్డ్ చుంకర్ అనే ఇద్దరు బ్యూటాడయీన్ అనే మరో రసాయనాన్ని, స్టైరీన్‌ను కలిపి టైర్లకు పనికొచ్చే రబ్బరు తయారుచేశారు. అదే బ్యూనా-ఎస్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ కంపెనీ ఆష్విట్జ్ నాజీ క్యాంపు పక్కన మోనోవిట్జ్‌లో పెద్ద రబ్బరు ఫ్యాక్టరీ కట్టడానికి క్యాంపు ఖైదీలను వాడుకుంది. వేల మంది ప్రాణాలు పోయాయి. అక్కడి నుంచి రబ్బరు మాత్రం ఒక్క టన్ను కూడా రాలేదు. ఈ పదార్థం చరిత్ర రాసేటప్పుడు ఆ పేజీని దాటేసి పోకూడదు.

ఆ తర్వాతి మలుపు అమెరికాది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కడంతో ఆగ్నేయాసియా తోటల రబ్బరు ఆగిపోయింది. అప్పటికి అమెరికాకు వచ్చే సహజ రబ్బరులో దాదాపు 90 శాతం అక్కడిదే. ప్రభుత్వం డబ్బు పెట్టి, పోటీ కంపెనీల మధ్య పేటెంట్లు పంచిపెట్టించి, ఒకే సూత్రానికి అందరినీ కట్టుబడేలా చేసింది: బ్యూటాడయీన్ సుమారు మూడు పాళ్లు, స్టైరీన్ ఒక పాలు. 1941లో దేశం మొత్తం మీద ఎనిమిది వేల టన్నులు దాటని కృత్రిమ రబ్బరు, 1945 నాటికి ఏడు లక్షల టన్నులు మించిపోయింది.

యుద్ధం ముగిసింది, స్టైరీన్ ఫ్యాక్టరీలు మిగిలాయి. ఆ సామర్థ్యమంతా ప్లాస్టిక్ వైపు మళ్లింది. దువ్వెనలు, రేడియో పెట్టెలు, ప్యాకింగ్‌లో వాడే తెల్లటి థర్మోకోల్, అన్నీ పాలిస్టైరీన్ సరుకులే, అంటే గొలుసు కట్టి గట్టిపడ్డ స్టైరీన్‌తో చేసినవే. రబ్బరు రూపంలో స్టైరీన్ ఈనాటికీ కారు టైర్ల ట్రెడ్‌లో (నేలను తాకే పైపొరలో), చెప్పుల సోళ్లలో, కన్వేయర్ బెల్టుల్లో ఉంది. లారీ, విమానం టైర్లలో మాత్రం సహజ రబ్బరుదే పెద్ద వాటా. బరువు కింద పుట్టే వేడిని అది బాగా ఓర్చుకుంటుంది.

మన దేశంలో రబ్బరు, ప్లాస్టిక్ అనే ఈ రెండు పాయలూ దాదాపు ఒకే కాలంలో మొదలయ్యాయి. బరేలీ దగ్గర 1963లో సింథటిక్ రబ్బరు ఫ్యాక్టరీ వచ్చింది. అది చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసిన ఆల్కహాల్ మీద నడిచేది. విశాఖలో 1961లో పాలిస్టైరీన్ కోసం హిందుస్థాన్ పాలిమర్స్ పెట్టారు. అది 1978లో మెక్‌డోవెల్ కంపెనీలో కలిసి, 1997లో కొరియా కంపెనీ ఎల్జీ కెమ్ చేతికి వచ్చి ఎల్జీ పాలిమర్స్ అయింది. ఇప్పుడు పానిపట్, హజీరాల్లో పెద్ద రబ్బరు ప్లాంట్లున్నాయి. 2020 నాటికి దేశానికి కావలసిన స్టైరీన్ మొత్తం ఓడల్లో దిగుమతి అయ్యేది. దిగుమతి అంటే నిల్వ. ఓడరేవుల్లో, ఫ్యాక్టరీల్లో పెద్ద ట్యాంకులు తప్పవు.

ఆ ట్యాంకులను కాపాడే పద్ధతి కొత్తదేమీ కాదు. స్టైరీన్‌ను చల్లగా, 20 డిగ్రీల లోపు ఉంచాలి. గొలుసు కట్టకుండా ఆపే టీబీసీ అనే రసాయనాన్ని కొద్దిగా కలపాలి. ఆ టీబీసీ పనిచేయాలంటే ద్రవంలో కాస్త ఆక్సిజన్ కరిగి ఉండాలి. పైనా కిందా సమంగా కలిసేలా ద్రవాన్ని తిప్పుతూ ఉండాలి.

రాష్ట్ర ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలో వేసిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జూలై 6న ఇచ్చిన నివేదిక చదివితే, వీటిలో ఒక్కటీ సరిగా జరగలేదని అర్థమవుతుంది. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. వేడెక్కిందేమో పైభాగం. చల్లబరిచే యంత్రాలను రోజూ సాయంత్రం ఆపేసేవారు. టీబీసీ సరిపడా నిల్వ లేదు. కరిగిన ఆక్సిజన్‌ను కొలవలేదు. 2019 డిసెంబరులో పైపుల్లో చేసిన మార్పు వల్ల ద్రవం తిరగడం దెబ్బతింది. ట్యాంకులో పాలిమర్, అంటే గొలుసు కట్టిన స్టైరీన్, పెరుగుతోందంటే దాన్ని సరుకు నాణ్యతకు కొలతగా చూశారు, ప్రమాద సూచనగా చూడలేదు. నాకు అన్నిటికన్నా కలవరం కలిగించేది ఈ చివరి మాటే. అంకె కళ్లముందే ఉన్నా దాని అర్థం తప్పిపోయింది. సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉన్నా మోగలేదు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు కాబట్టి పైకి తేలిపోకుండా నేల మీదే పాకింది. జనం నిద్రలో ఉన్నారు.

ఇదంతా చూసి టైరును, చెప్పును, ప్లాస్టిక్ దువ్వెనను చూసి భయపడనక్కర్లేదు. గొలుసు కట్టిన స్టైరీన్ వేరు, కట్టని స్టైరీన్ వేరు. ప్రమాదమంతా ద్రవంగా ఉన్నప్పుడు, ఆవిరైనప్పుడు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో స్టైరీన్‌ను బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలోకి మార్చింది. రబ్బరులో దానికి తోడుగా వాడే బ్యూటాడయీన్ అయితే క్యాన్సర్ కారకమని రుజువైన వర్గంలోనే ఉంది. ఆ భారం పడేది కొన్నవాడి మీద కాదు, తయారుచేసే కార్మికుల మీద, ఫ్యాక్టరీ ప్రహరీ అవతల ఉండేవాళ్ల మీద.

దుర్ఘటన తర్వాత విశాఖలో మిగిలిన సుమారు 13,000 టన్నుల స్టైరీన్‌ను ఓడల్లో దక్షిణ కొరియాకు పంపేశారు. ఫ్యాక్టరీని జనావాసాలకు దూరంగా తరలించాలని కమిటీ సిఫార్సు చేసింది. భోపాల్ తర్వాత వచ్చిన 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల జాబితాలో స్టైరీన్ పేరుంది. ఏ రసాయనం ఉంది, ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నది చుట్టుపక్కల జనానికి యాజమాన్యం ముందే చెప్పాలని ఆ నిబంధనల్లోనే రాసి ఉంది.