ముప్ఫై రోజులు నిండని పని

"అడవి మీద బతికేవాళ్లు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు సార్?" అని డిగ్రీ చదివే ఒక అమ్మాయి అడిగింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2022లో వెలువరించిన లెక్క చెప్పాను. అడవి రంగంలో పనిచేసేవాళ్లు 2017–19 మధ్య సగటున సుమారు 3.3 కోట్ల మంది, అంటే ప్రపంచంలో పనిచేసే ప్రతి వందమందిలో ఒకరు. ఆమె వెంటనే, "అందులో మా అమ్మ ఉన్నట్టా? ఏటా తునికాకు కోతకు పోతది" అంది. ఆ ప్రశ్న చాలా రోజులు నా బుర్రలో తిరిగింది.

జవాబు చెట్టు దగ్గర మొదలుపెట్టాలి. తునికి నల్లచేవకు పేరుపడ్డ ఎబోనీ కుటుంబానికి చెందింది. శాస్త్రనామం డయోస్పైరోస్ మెలనోజైలాన్. రెండో మాటకు అర్థం నల్ల కర్ర. మన ప్రభుత్వ కాగితాల్లో బీడీ ఆకును 'ఆబ్నూస్ ఆకు' అంటారు, అదీ నల్లచేవ మాటే. కానీ కూలి ఇచ్చేది చేవ కాదు, ఆకు. అదీ ఏ ఆకు పడితే అది పనికిరాదు. పెద్ద చెట్టు ఆకు తోలులా దళసరిగా ఉంటుంది, చుడితే పగులుతుంది. కావలసింది నేలబారు పొద మీద కొత్తగా లేచిన పిలకల ఆకు. అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొదలను మొదలంటా కొట్టేస్తారు. సుమారు 45 రోజులకు ఆకు కోతకొస్తుంది.

కొడితే మంచి ఆకు ఎందుకొస్తుంది? నాకు ఎంత చెప్పినా తనివి తీరని సంగతి ఇది. మొక్క కొసన ఉండే చిగురు ఇంట్లో పెద్దకొడుకు లాంటిది. పళ్లెం ముందు మొదట కూర్చునేది తనే. ఆకులు వండిన చక్కెరలో పెద్ద వాటా తనదే. కింద కణుపుల దగ్గర ఉన్న మొగ్గలు ఆకలితో నిద్రపోతుంటాయి. పైగా కొస చిగురు ఆక్సిన్ అనే హార్మోన్‌ను కిందికి పంపుతూ 'మీరు లేవొద్దు' అని ఆజ్ఞ వేస్తుంది. దీన్నే పాఠాల్లో అగ్రాధిక్యత అంటారు. కొస కొట్టేస్తే ఆజ్ఞ ఆగి, మొగ్గలు లేస్తాయని నేర్పుతారు. బొమ్మ గీసి ఐదు మార్కులు వేసి వదిలేస్తారు. కానీ ఆక్సిన్ నడక గంటకు సెంటీమీటరు చొప్పున, నత్తనడక. బఠాణీ మొక్కల్లో కొలిచి చూస్తే, ఆజ్ఞ ఆగిన కబురు అందకముందే కింది మొగ్గలు కదలడం మొదలైంది. వాటిని ముందు లేపింది చక్కెర. పెద్దవాడు లేచిపోగానే అతని పళ్లెంలోది గంటల్లోనే చిన్నవాళ్లకు చేరింది. ఇంట్లో కరివేపాకు కొమ్మ విరిచినప్పుడల్లా ఇదే జరుగుతుంది.

తునికి పొద విషయంలో ఇంకో వరం ఉంది. పైన కొట్టేసినా కింద వేరు అలాగే ఉంటుంది. ఏళ్ల తరబడి పిండిపదార్థం దాచుకున్న గాదె అది. అంత పెద్ద గాదె మీద ఆధారపడింది నాలుగైదు లేత పిలకలే. అందుకే నడివేసవిలో, వాన చుక్క లేకుండా, అరచేతికి మించిన ఆకు వేస్తుంది. పీచు ఇంకా ముదరదు, ఈనెలు మెత్తగా ఉంటాయి, మడిస్తే విరగదు. తొలకరి పడ్డాక పొదను వదిలేస్తారు. ఆ నెలల్లో వచ్చే ఆకులే మళ్లీ గాదె నింపుతాయి.

అడవికి నిప్పు పెడితే ఆకు బాగా వస్తుందని కొన్నిచోట్ల గట్టి నమ్మకం. పైకొమ్మ కాలితే పిలక లేచేమాట నిజమే, పైన చెప్పిన లెక్కే. కానీ ఆ మంటలో రాలిన ఇప్పపువ్వు, టేకు మొలకలు, పక్షి గూళ్లు అన్నీ పోతాయి. కత్తితో అయ్యే పనికి నిప్పు ఎందుకు? దయచేసి పెట్టకండి.

కోత ఏప్రిల్, మే నెలల్లో. ఆకు కొని ఆరబెట్టే ఒక్కో కల్లం కింద సాధారణంగా రెండు మూడు వారాలకు మించదు. ఇంకా చీకటి ఉండగానే అడవిలోకి వెళ్తారు. ఎండ ముదిరేసరికి మూట ఇంటికి చేరుతుంది. తర్వాత ఇంటిల్లిపాదీ చెట్టు నీడన కూర్చుని తొడిమలన్నీ ఒకవైపుకు వచ్చేలా ఆకు మీద ఆకు పేర్చి, యాభై కాగానే నారతో ముడేస్తారు. చిల్లులున్నదీ మచ్చలున్నదీ పక్కకు పోతుంది. సాయంత్రం కల్లంలో కట్టలు లెక్కపెట్టి నేల మీద వరుసలుగా పరుస్తారు. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి, అంటే యాభై వేల ఆకులు. ఎండిన కట్టల మీద నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాకే గోనెల్లో కుక్కుతారు. లేకపోతే పొడి అవుతుంది. నడుమ ఒక్క వడగండ్ల వాన పడితే ఏడాది ఆదాయం చిల్లులు పడ్డట్టే.

ఇప్పుడు లెక్కల సంగతి. ఆ 3.3 కోట్లలో అడవి పని, చెక్క పని, కాగితం పరిశ్రమ ఉన్నాయి. అడవి పనిలో కలపేతర సేకరణ కూడా భాగమే, కాబట్టి తునికాకు కోతకు కాగితం మీద చోటుంది. మనిషికి చోటు దొరకడమే కష్టం. మన దేశంలో శ్రామిక సర్వే ఏడాది లెక్కలో ముందు చూసేది ఎక్కువ కాలం చేసిన పనిని. ఆ తల్లికి అది వ్యవసాయ కూలీ. తర్వాత అనుబంధ పని అనే గడి ఉంది. అందులోకి రావాలంటే కనీసం 30 రోజులు ఉండాలి. తునికాకు కోత మామూలుగా అంతకాలం సాగదు! చెట్టు ఇచ్చిన గడువే అది. 45 రోజుల ఆకు ఇంకొన్నాళ్లు ఆగితే తోలవుతుంది, బీడీకి పనికిరాదు. ఆకును విలువైనదిగా చేసిన ఆ తక్కువ గడువే కోసిన మనిషిని లెక్కలోంచి తప్పిస్తోంది. అదే ఆకును చాటలో పెట్టుకుని, అచ్చు మీద కత్తిరించి చుట్టే నిజామాబాద్, జగిత్యాల ఆడవాళ్లు పొగాకు పరిశ్రమ ఖాతాలోకి వెళ్తారు. బీడీ ఆరోగ్యానికి చేటు, అందులో రెండో మాట లేదు. కానీ వాళ్ల శ్రమ అడవి నుంచి వచ్చిందే.

పోర్చుగల్‌లో సీసా బిరడాలకు వాడే కార్క్ ఓక్ చెట్టు బెరడు ఒలిచేవాళ్లదీ ఇలాంటి క్యాలెండరే. మే నుంచి ఆగస్టు దాకా, బెరడు కింద కణాలు చురుగ్గా విభజన చెందుతున్నప్పుడే అది చెట్టుకు గాయం కాకుండా ఊడివస్తుంది. ఒలిచిన ఏడాది చివరి అంకె చెట్టు మీద రంగుతో రాస్తారు. మళ్లీ తొమ్మిదేళ్ల దాకా ముట్టరు. వేటు ఒక్క వెంట్రుకవాసి లోతుకు దిగినా చెట్టు దెబ్బతింటుంది కాబట్టి ఆ నేర్పుకు వ్యవసాయ పనుల్లోకెల్లా మంచి కూలి దొరుకుతుంది.

శ్రామిక సర్వేలో వారం లెక్క అని ఇంకొకటి ఉంది. గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినా నమోదవుతుంది. ఆ అమ్మాయికి అదే చెప్పాను: సర్వేవాళ్లు మే మొదటి వారంలో మీ గడప తొక్కితే మీ అమ్మ అడవి కార్మికురాలు. జూలైలో వస్తే పత్తి చేనులో కలుపు తీసే కూలీ.