రిచీ ఎవాన్స్ పోయాడనా, పాయింట్ల లెక్క మారిందనా?

అమెరికాలో మోడిఫైడ్ రేసుల (మామూలు కారును రేసు కోసం మార్చి తోలే పందేల) అభిమానుల మధ్య పాత గొడవ మళ్లీ రాజుకుంది: ఊరి ట్రాకుల్లో వారం వారం జరిగే రేసుల వైభవం తగ్గింది చాంపియన్ డ్రైవర్ రిచీ ఎవాన్స్ పోయాడనా, టైటిల్ పాయింట్ల లెక్క మారిందనా? ఆ రోజులే వేరని ఒకళ్లు, ఆ రోజుల్లో ఇంజిన్ బిల్లు మీరు కట్టలేదుగా అని ఇంకొకళ్లు. 1948లో ఫ్లోరిడాలోని డేటోనా ఇసుక మీద నాస్కార్ (అక్కడి కారు రేసులు నడిపే సంస్థ) పెట్టిన మొదటి రేసు మోడిఫైడ్‌లదేనని, రెడ్ బైరన్ గెలిచాడని ఈ గొడవలో ఉన్న అందరికీ తెలుసు, అది వదిలేద్దాం.

పాతకాలం అనగానే 1930ల నాటి ఫోర్డ్ కూపే ఫొటోలు బయటికొస్తాయి. చూడముచ్చటగానే ఉంటాయి, కానీ అప్పట్లో వాటిని ముచ్చటపడి ఎవరూ తోలలేదు, తుక్కు కింద చవగ్గా దొరికేవి కాబట్టి తోలారు. 1970ల్లో వాటి బదులు పింటో, వేగా లాంటి చిన్న కార్ల బాడీలు తగిలించారు. జనం రావడం మానలేదు.

నన్నడిగితే మలుపు 1985. అప్పటిదాకా జాతీయ చాంపియన్ కావాలంటే ఊరూరా తిరగాల్సిందే. శుక్రవారం స్టాఫర్డ్, శనివారం రివర్‌సైడ్ పార్క్, ఆదివారం థాంప్సన్, ఇలా నాస్కార్ గుర్తింపున్న ట్రాకుల్లో ఎక్కడ పరిగెత్తినా పాయింట్లు వచ్చేవి. 1979లో రిచీ ఎవాన్స్ 60 రేసులు తోలి 37 గెలిచాడు. ఆయనది న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ (ఇటలీది కాదు). 1971 నుంచి పదిహేనేళ్లు టైటిల్ ఆ ఊరు దాటలేదు, ఎవాన్స్‌కి 9, అదే ఊరివాడైన జెర్రీ కుక్‌కి 6. అంతటి చాంపియన్ మామూలు శుక్రవారం మీ ఊరి ట్రాక్‌కొచ్చి, పగలంతా గ్యారేజీలో పనిచేసి సాయంత్రం బండి తెచ్చుకున్న కుర్రాడి పక్కన నిలబడేవాడు. ఆ కుర్రాడు ఒక్క రాత్రి గెలిచాడా, ఊళ్లో ఏడాదంతా అదే కబురు.

1985లో విన్‌స్టన్ మోడిఫైడ్ టూర్ వచ్చింది. ఇక ఎక్కడ పరిగెత్తినా పాయింట్లు రావు, టైటిల్‌కి లెక్కలోకొచ్చే టూర్ రేసులు ముప్పైకి లోపే. ఈ టూర్‌కి రూపమివ్వడంలో చెయ్యేసి డైరెక్టర్‌గా కూర్చున్నది ఎవరో కాదు, రిటైరైన జెర్రీ కుక్కే! వారమంతా తిరిగితే ఒళ్లు హూనం, జేబు ఖాళీ, డబ్బున్నవాడే ఎక్కువ రేసులు తోలి పాయింట్లు పోగేస్తాడని టూర్ పక్షం వాదన. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే చాంపియన్‌కి ఇక మీ ఊరి శుక్రవారంతో పని లేకుండా పోయింది, టికెట్ కొనేవాడు చూడ్డానికొచ్చేదే అతన్ని.

ఆ మొదటి టూర్ టైటిల్ కూడా ఎవాన్స్‌దే. అది ఖాయమయ్యాక, అక్టోబరు 24న మార్టిన్స్‌విల్ ట్రాక్‌లో ప్రాక్టీసు చేస్తుండగా ప్రమాదం జరిగి చనిపోయాడు. ఆయన చావు, టూర్ రాక రెండూ ఒకే ఏడాది కావడంతో అభిమానుల జ్ఞాపకాల్లో కలిసిపోయాయి, అంతా విధి మీదికి తోసేసి పాయింట్ల లెక్కని ఎవరూ ఏమీ అనరు.

రివర్‌సైడ్ పార్క్ ట్రాక్ 1999తో మూతపడింది. నార్త్ కరోలినాలో ఫుట్‌బాల్ మైదానం చుట్టూ ఉన్న పావుమైలు బౌమన్ గ్రే ట్రాక్ మాత్రం 1949 నుంచి తన వారం రేసులు తను పెట్టుకుంటూనే ఉంది. వేసవిలో శనివారం రాత్రి సీటు కావాలంటే పెందలాడే వెళ్లాలి.