‘ఉత్తి పార్ట్స్ కంపెనీ’ అని ఆఫర్ వదులుకోకండి

ఆదిభట్లలో విమాన భాగాల క్వాలిటీ తనిఖీ నా పని. క్యాంపస్ సెలక్షన్లు మొదలయ్యాయంటే చాలు, తెలిసినవాళ్ల దగ్గర్నుంచి ఫోన్లు వస్తాయి. "మావాడికి ఆఫర్ వచ్చిందండీ. కానీ అది విమానాల కంపెనీ కాదట, ఉత్తి పార్ట్స్ కంపెనీయట. చేర్చమంటారా?"

అపోహ: విమానాలు చేసే కంపెనీలు వేరు, పార్ట్స్ సప్లై చేసేవి వేరు.

వాస్తవం: ఒకే కంపెనీ ఒక ప్రోగ్రామ్‌లో (అంటే ఒక విమానం మోడల్ ప్రాజెక్టులో) తయారీదారు, ఇంకో ప్రోగ్రామ్‌లో సప్లయర్. తేజస్ యుద్ధవిమానాన్ని తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్, ఎయిర్‌బస్ ఏ320కి తలుపులు చేసిచ్చింది. బీ-2 బాంబర్ కట్టిన నార్త్‌రాప్ గ్రుమ్మన్, లాక్‌హీడ్ మార్టిన్ ఎఫ్-35 యుద్ధవిమానానికి ఫ్యూజలేజ్ (విమానం మొండెం) మధ్య భాగం సప్లై చేస్తుంది. మన ఆదిభట్లలో టాటాలు బోయింగ్‌తో కలిసి అపాచీ హెలికాప్టర్ ఫ్యూజలేజ్‌లు, లాక్‌హీడ్‌తో కలిసి సీ-130జే రవాణా విమానం తోక భాగాలు చేస్తున్నారు. వడోదరలో అదే టాటాలు ఎయిర్‌బస్ డిజైన్ చేసిన సీ-295 రవాణా విమానాన్ని పూర్తిగా అసెంబుల్ చేస్తారు. ఇప్పుడు టాటాలది ఏ కంపెనీ అంటారు?

పార్ట్స్ పనికి భద్రత లేదనే భయం కూడా ఉంది. మిత్సుబిషి 2008లో సొంత ప్యాసింజర్ జెట్ మొదలుపెట్టి, 2023లో ఆపేసింది. బోయింగ్ 787కి రెక్కలు చేసే పని మాత్రం ఆగలేదు.

తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు ఇలాంటి ఆఫర్ కాదనుకుని, ‘అసలైన విమానాల కంపెనీలో’ ఉద్యోగం ఇప్పిస్తామన్న ఓ కన్సల్టెన్సీకి డబ్బు కట్టాడు. ఇంటర్వ్యూ కూడా జరగలేదు. వాళ్ల నాన్నగారు ఫోన్‌లో మాట్లాడలేకపోయారు. పిల్లల భవిష్యత్తు గురించి ఆయన పడ్డ టెన్షన్‌లో తప్పేముంది? పార్ట్స్ కంపెనీ అంటే తక్కువన్న పుకారు పుట్టించినవాళ్ల మీదే నా కోపమంతా.

పని విషయానికొస్తే, షిఫ్ట్ చివర్లో ఒక్క డ్రిల్ బిట్ లెక్క తేలకపోయినా ఆ యూనిట్ అక్కడి నుంచి కదలదు. టార్చ్‌లు పట్టుకుని మూలమూలా వెతుకుతాం. రివెట్ రంధ్రం అంచున గోటికి తగిలేంత బర్ (లోహపు గరుకు అంచు) మిగిలినా వెనక్కి పంపుతాం, పగులు అక్కడే మొదలవ్వచ్చు కాబట్టి. గేటు మీద ఎవరి బోర్డున్నా కొత్తగా చేరిన కుర్రాడు నేర్చుకునేది ఈ పనే.

మిగతావి చకచకా చెప్పేస్తాను. పోటీ కంపెనీలు రెండింటికీ ఒకరే పనిచేయరంటారు. స్పిరిట్ ఏరోసిస్టమ్స్ బోయింగ్‌కీ, ఎయిర్‌బస్‌కీ ఏళ్ల తరబడి భాగాలు చేసింది. పార్ట్ మనమే చేస్తున్నాం కాబట్టి ఎయిర్‌లైన్స్‌కి నేరుగా అమ్ముకోవచ్చని బాలానగర్, చర్లపల్లి వర్క్‌షాపుల వాళ్లు కొందరు అడుగుతుంటారు. కుదరదు. డ్రాయింగ్ కస్టమర్‌ది, అధీకృత రిలీజ్ పత్రం (ఈ పార్ట్ వాడొచ్చని ధ్రువీకరించే కాగితం) లేని పార్ట్‌ను విమానానికి బిగించరు. ఏఎస్9100 అనే విమాన రంగ క్వాలిటీ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. మెషిన్ కోసం లోన్ తీసుకునే ముందే ఇది కనుక్కోండి.

ఆఫర్ చేతిలో ఉన్న పిల్లలు కంపెనీ పేరు వెంట పడకుండా, ఏ ప్రోగ్రామ్‌లో వేస్తారు, ట్రైనింగ్ ఎన్నాళ్లు, తనిఖీ స్టాంప్ (సొంతంగా పార్ట్ ఓకే చేసే అధికారం) ఎప్పుడిస్తారు అని హెచ్‌ఆర్‌ను అడగండి. ఉద్యోగానికి ముందే డబ్బు కట్టమన్నవాళ్లతో మాట్లాడకుండా ఫోన్ పెట్టేయండి.