అడిగే తీరులోనే సగం జవాబు

1992లో అమెరికాలో రోపర్ అనే సర్వే సంస్థ జనాన్ని ఒక ప్రశ్న అడిగింది. సారాంశం ఇది: "నాజీలు యూదులను ఊచకోత కోయడం అసలు జరగనే లేదన్నది మీకు సాధ్యమనిపిస్తోందా, అసాధ్యమనిపిస్తోందా?" 22 శాతం మంది సాధ్యమే అన్నారు. మరుసటి ఏడాది ఆ ఫలితం బయటికి రాగానే పెద్ద దుమారం రేగింది. ఇన్ని సాక్ష్యాలున్న మారణహోమాన్ని అయిదుగురిలో ఒకరు అనుమానిస్తున్నారా అని పత్రికలు, చరిత్రకారులు కలవరపడ్డారు. 1994లో అదే సంస్థ ప్రశ్నను తేలిక మాటల్లో తిరగరాసి మళ్లీ అడిగింది. అనుమానించినవాళ్లు సుమారు 1 శాతమే తేలారు.

ఆ రెండేళ్లలో జనం మారిపోలేదు. మొదటి ప్రశ్నలో 'జరగనే లేదు', 'అసాధ్యం' అనే రెండు వ్యతిరేకాలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. మారణహోమం జరిగిందని గట్టిగా నమ్మే మనిషి 'అసాధ్యం' అని చెప్పాలి. ప్రశ్నను ఒక్కసారి విని వెంటనే బదులివ్వాల్సినవాళ్లలో చాలామంది 'జరిగింది' అన్న ఉద్దేశంతోనే 'సాధ్యమే' అనేశారు. ఆ 22 శాతంలో ఎక్కువ భాగాన్ని తయారుచేసింది ప్రశ్నే.

సర్వే ఫలితం కనబడగానే ఎంతమందిని అడిగారని చూస్తాం. ఏమని అడిగారని చూసేవాళ్లు తక్కువ. పరిశోధన నేర్చుకునేవాళ్లు కూడా గణాంక సూత్రాల మీద నెలల తరబడి కూర్చుంటారు, ప్రశ్నావళిని మాత్రం ఒక సాయంత్రంలో ముగిస్తారు. ఇది తలకిందుల వ్యవహారమని నా గట్టి అభిప్రాయం. విశ్లేషణలో తప్పు చేస్తే మళ్లీ చేసుకోవచ్చు. తప్పుగా అడిగి తెచ్చిన జవాబును ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు.

ప్రశ్నలు రాయడానికి ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది: ఈ విషయం అసలు అడిగి తెలుసుకోదగినదేనా? 1930ల మొదట్లో రిచర్డ్ లాపియర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక చైనా దంపతులతో కలిసి అమెరికా అంతా కారులో తిరిగాడు. చైనీయుల పట్ల వివక్ష బాగా ఉన్న రోజులవి. 250కి పైగా బసలకు, భోజనశాలలకు వెళితే ఒక్కచోట మాత్రమే వాళ్లను రానివ్వలేదు. కొన్ని నెలల తర్వాత అవే చోట్లకు, చైనా జాతీయులను అతిథులుగా చేర్చుకుంటారా అని ఉత్తరాలు రాశాడు. బదులిచ్చినవాళ్లలో 90 శాతానికి పైగా చేర్చుకోమన్నారు. 1934లో అచ్చయిన ఈ పరిశోధన మీద విమర్శలు లేకపోలేదు. ఉత్తరానికి బదులు రాసిన మనిషి, ఆ రోజు గుమ్మంలో ఆహ్వానించిన మనిషి ఒకరే కాకపోవచ్చు. అయినా చెప్పేదానికీ చేసేదానికీ ఎంత ఎడం ఉండగలదో ఇంత స్పష్టంగా చూపినవి కొద్ది.

అరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాత్జే 1973లో మొదలుపెట్టిన పని ఇంకా సూటిగా ఉంటుంది. ఆయన పురావస్తు శాస్త్రవేత్త. పాత నాగరికతలను అవి వదిలేసిన చెత్తకుప్పల నుంచి చదివినట్టే, టూసాన్ నగరంలోని ఇళ్ల చెత్తను విద్యార్థులతో ఏరించి లెక్కపెట్టించాడు. తాము తాగే బీరు గురించి జనం చెప్పిన లెక్క ఒకటి, చెత్తలో దొరికిన సీసాలు, డబ్బాలు చెప్పిన లెక్క ఇంకొకటి. వాళ్లంతా కావాలని అబద్ధమాడారని అనుకోనక్కర్లేదు. తన అలవాట్ల గురించి మనిషికి ఉండే అంచనాయే కాస్త సొంతానికి అనుకూలంగా ఉంటుంది.

అందుకే ప్రవర్తన తెలియాలంటే వీలైనంతవరకు కళ్లారా చూడటమో, రికార్డులు తిరగేయడమో మేలు. ఒకటి ఇంకొకదానికి కారణమా అన్నది తేలాలంటే ప్రయోగం కావాలి. ఎవరూ తవ్వి చూడని కొత్త విషయమైతే కొద్దిమందితో తీరిగ్గా కూర్చుని వాళ్ల మాటల్లోనే విని, ఆ తర్వాతే ప్రశ్నావళి గురించి ఆలోచించాలి. నొప్పి, భయం, నమ్మకం, ఆశ లాంటివి ఏ రికార్డులోనూ దొరకవు. వాటికి మనిషిని అడగడం తప్ప దారి లేదు. సర్వేకి న్యాయమైన చోటు అది.

ఎవరిని అడగాలన్న విషయంలో 1936 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికను మించిన పాఠం లేదు. లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. అంతకంటే ఎన్నో రెట్లు తక్కువమందిని అడిగిన జార్జ్ గాలప్ విజేతను సరిగ్గా చెప్పాడు. పత్రిక వాడిన చిరునామాల్లో చాలా భాగం టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి వచ్చినవి. మాంద్యం రోజుల్లో ఆ రెండూ ఉన్నవాళ్లు కలిగినవాళ్లే. ఇంతవరకు అందరూ చెప్పేదే. దీనికి తోడు, బ్యాలెట్ అందుకున్నవాళ్లలో కూడా రూజ్‌వెల్ట్ మీద కోపంగా ఉన్నవాళ్లే ఎక్కువగా తిప్పి పంపారని తర్వాతి పరిశోధనలు చూపించాయి. అంటే జాబితా సరిగ్గా ఉన్నా, బదులివ్వని మౌనం కూడా ఒక వైపు మొగ్గి ఉండొచ్చు. ఇవాళ లింకు పెట్టి, ఇష్టమున్నవాళ్లు నింపండని వదిలేసే ప్రతి ఆన్‌లైన్ సర్వేకీ ఇదే జబ్బు.

యాదృచ్ఛికంగా ఎంచిన 1000 మందితో ఒక దేశపు అభిప్రాయాన్ని సుమారు 3 శాతం పాయింట్లు అటూ ఇటూగా చెప్పవచ్చు. 10,000 మందిని అడిగితే ఆ తేడా 1కి దిగుతుంది. ఫలితాల కింద అచ్చువేసే 'లోపం పరిధి' ఇదే. ఎంపికలోని అదృష్టం, దురదృష్టం మాత్రమే అందులోకి వస్తాయి. ప్రశ్న వంకరగా ఉంటే వచ్చే తప్పు అందులో లేదు. కోటి మందిని అడిగినా అది తగ్గదు.

ఆ తప్పు ఎక్కడ పుడుతుంది? జవాబిచ్చే మనిషి బుర్రలో నాలుగు పనులు జరుగుతాయని సర్వే పరిశోధకుడు రోజర్ టూరాంజో 1984లో వివరించాడు. ప్రశ్న అర్థం చేసుకోవాలి, సంబంధించిన సంగతులు గుర్తు తెచ్చుకోవాలి, వాటిని బేరీజు వేసుకోవాలి, ఆ ఫలితాన్ని ఇచ్చిన ఆప్షన్లలో ఇమిడ్చి చెప్పాలి. నాలుగింటిలో ఏ మెట్టు మీదైనా కాలు జారవచ్చు.

అర్థం దగ్గరే చూడండి. 1940లో డొనాల్డ్ రగ్ ఒకే విషయాన్ని రెండు తీర్ల అడిగించాడు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలను అనుమతించాలా అని అడిగితే 62 శాతం అనుమతించకూడదన్నారు. అలాంటి ప్రసంగాలను నిషేధించాలా అని అడిగితే నిషేధించాలన్నవాళ్లు 46 శాతమే. తర్కానికి రెండూ ఒకటే. మనసుకు మాత్రం 'నిషేధం' బరువైన మాట, దానికి ఊఁ అనడానికి జంకుతుంది. ఈ 16 పాయింట్ల తేడా చూశాక, ప్రజాభిప్రాయం అనే వస్తువు ఎక్కడో సిద్ధంగా కూర్చుని మన రాక కోసం ఎదురుచూస్తోందన్న భ్రమ నిలబడదు.

ఒకే వాక్యంలో రెండు ప్రశ్నలు దూర్చడం ఇంకో రకం. "శిక్షణ ఉపయోగకరంగా, ఆసక్తికరంగా ఉందా?" ఉపయోగపడింది గాని విసుగెత్తించింది అనుకునేవాడు ఏం టిక్కు పెట్టాలి? "తరచుగా వ్యాయామం చేస్తారా?" అన్నదాంట్లో 'తరచుగా' ఒకరికి రోజూ, ఇంకొకరికి నెలకు రెండుసార్లు. "గత 7 రోజుల్లో ఎన్ని రోజులు కనీసం అరగంట వ్యాయామం చేశారు?" అంటే ఇద్దరూ ఒకే కొలబద్దతో బదులిస్తారు. "నిపుణులందరూ సమర్థిస్తున్న ఈ విధానాన్ని మీరూ సమర్థిస్తారా?" లాంటివి ప్రశ్నలే కావు, ఒప్పించే ప్రయత్నాలు.

అర్థం కాకపోయినా జనం జవాబిస్తారన్నది ఇంకా కలవరపెట్టే సంగతి. జార్జ్ బిషప్, ఆయన సహచరులు '1975 నాటి ప్రజా వ్యవహారాల చట్టం' మీద అభిప్రాయం అడిగారు. అలాంటి చట్టమే లేదు. అయినా దాదాపు మూడో వంతు మంది అనుకూలమనో వ్యతిరేకమనో చెప్పారు. తెలియదనడం చిన్నతనం అనిపించే చోట మనిషి ఏదో ఒకటి ఊహించుకుని చెబుతాడు. అందుకే 'దీని గురించి నాకు తెలియదు' అన్న ఆప్షన్‌ను గౌరవంగా, కంటికి కనబడేచోట ఉంచాలి.

జ్ఞాపకానిది వేరే తంటా. పాతవి మరిచిపోతాం. దానికి ఎదురుగా, అడిగిన కాలానికి ముందు జరిగిన పెద్ద సంగతులను ఈ మధ్యవే అనుకుని లెక్కలో కలిపేస్తాం. ఇళ్ల మరమ్మతు ఖర్చుల మీద నేటర్, వాక్స్‌బర్గ్ చేసిన పరిశోధన 1964లో దీన్ని లెక్కలతో చూపించింది. వాళ్లు చెప్పిన ఉపాయం చక్కనిది: మొదటిసారి అడిగిన జవాబులను దగ్గర పెట్టుకుని, రెండోసారి వెళ్లినప్పుడు "పోయినసారి ఇవి చెప్పారు, ఆ తర్వాత కొత్తగా ఏమైనా ఉన్నాయా?" అని అడగాలి. కాలానికి ఒక గట్టు కట్టినట్టవుతుంది.

ఆప్షన్లు కూడా నోరు మూసుకుని ఉండవు. నార్బర్ట్ ష్వార్జ్ బృందం జర్మనీలో రోజుకు ఎంతసేపు టీవీ చూస్తారని అడిగింది. కొందరికి 'అరగంట వరకు' నుంచి మొదలయ్యే చిన్న అంకెల వరుస ఇచ్చారు, మిగతావారికి 'రెండున్నర గంటల వరకు' నుంచి మొదలయ్యే పెద్ద అంకెల వరుస. రెండున్నర గంటలకు పైగా చూస్తామన్నవాళ్లు మొదటి గుంపులో 16 శాతం, రెండో గుంపులో 38 శాతం దాకా ఉన్నారు. మధ్యలో ఉన్న గడినే మామూలు మనిషి గడిగా తీసుకుని, తమను దాని పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ఇలాంటి చోట గడులు మానేసి అంకెనే చెప్పమనడం మేలు.

వరుస మారినా జవాబు మారుతుంది. 1948లో హైమన్, షీట్స్‌లీ చేసిన ప్రయోగంలో, రష్యా విలేకరులను అమెరికాలోకి రానివ్వాలా అని ముందుగా అడిగితే 36 శాతం సరేనన్నారు. అమెరికా విలేకరులను రష్యా రానివ్వాలా అన్న ప్రశ్న ముందు పెట్టి, దాని వెనక అడిగితే 73 శాతం. మొదటి ప్రశ్న వాళ్లలో న్యాయబుద్ధిని తట్టి లేపింది, అంతే. ఏది వాళ్ల అసలు అభిప్రాయమంటే రెండూ అసలైనవేనంటాను.

చెప్పడానికి సిగ్గో భయమో కలిగే విషయాలకు 1965లో స్టాన్లీ వార్నర్ వేసిన దారి నాకు ఎంతో ఇష్టం. దాని సులువైన రూపం ఒకటి చెబుతాను. ప్రతి మనిషీ చాటుగా నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే నిజం ఏదైనా 'అవును' అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. ఎవరైనా 'అవును' అన్నారంటే అది నాణెం మాటో, మనిషి మాటో అడిగేవాడికి తెలియదు. కానీ మొత్తం మీద లెక్క తేలుతుంది. 1000 మందిలో 600 'అవును'లు వస్తే, సుమారు 500 నాణెం చెప్పినవి. మిగిలిన 500 మందిలో 100 మంది నిజంగా అవునన్నారు, అంటే 20 శాతం. గందరగోళం కలిపాం కాబట్టి అదే కచ్చితత్వానికి ఎక్కువమంది కావాలి. ఒక మనిషి రహస్యానికి ఆ మాత్రం మూల్యం చెల్లించడం సబబే.

ప్రశ్నావళి రాశాక పదిమందికి ఇచ్చి, జవాబులు కాకుండా వాళ్ల ఆలోచన వినాలి. "ఈ ప్రశ్న మీకు ఎలా అర్థమైందో మీ మాటల్లో చెప్పండి", "ఈ అంకెకు ఎలా వచ్చారు?" అని అడగాలి. మనకు అద్దంలా కనిపించిన వాక్యాన్ని ముగ్గురు మూడు రకాలుగా చదివారని అక్కడే బయటపడుతుంది. ఆ తర్వాత చిన్న పైలట్ సర్వే, అంటే అసలు సర్వేకి ముందు కొద్దిమందితో చేసే పరీక్ష. జనం ఎక్కడ ఆగారు, ఏ ప్రశ్న వదిలేశారు, ఎక్కడ అందరూ ఒకే గడి నింపారు అని చూడాలి.

ఏళ్ల తరబడి సాగే సర్వేలో ప్రశ్న మార్చాల్సివస్తే జనాన్ని యాదృచ్ఛికంగా రెండు సగాలు చేసి, ఒక సగాన్ని పాత తీరున, మరో సగాన్ని కొత్త తీరున అడగాలి. లోకం ఎంత మారిందో, ప్రశ్న ఎంత మార్చిందో అప్పుడే విడదీయగలం. కుటుంబాల ఖర్చులను లెక్కగట్టే భారత జాతీయ నమూనా సర్వే 1990ల నడుమ, తక్కువ కుటుంబాలతో చేసిన చిన్న రౌండ్లలో సరిగ్గా ఇదే చేసింది. ఆహారం మీద ఖర్చును సగం కుటుంబాలను గత 30 రోజులకు, సగం కుటుంబాలను గత 7 రోజులకు అడిగింది. 7 రోజుల లెక్కలో ఖర్చు స్పష్టంగా ఎక్కువ తేలింది. 1999–2000 పెద్ద రౌండ్‌లో మాత్రం ఒకే కుటుంబాన్ని రెండు గడువులకూ అడిగారు, జవాబులను పక్కపక్క గడుల్లో రాసుకున్నారు. రెండు లెక్కలూ పొంతన కుదిరేలా ఒకదాన్నొకటి లాక్కున్నాయన్న అనుమానం వచ్చింది. పేదరికాన్ని ఈ ఖర్చుల లెక్కల నుంచే తేలుస్తారు. 1993–94లో 36 శాతమున్న పేదరికం 26 శాతానికి తగ్గిందని అధికారిక లెక్క చెప్పింది. అందులో బతుకులు బాగుపడటం వల్ల ఎంత, గడుల అమరిక వల్ల ఎంత అన్న వాదన ఏళ్లపాటు నడిచింది. ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ ఒక దారి వెతికాడు. ఇంధనం లాంటి కొన్ని ఖర్చులను 1993–94, 1999–2000 సర్వేలు రెండింటిలోనూ ఒకే 30 రోజుల గడువుతో అడిగారు. వాటిని ఆధారం చేసుకుని మొత్తం ఖర్చును మళ్లీ అంచనా వేశాడు. తగ్గుదలలో ఎక్కువ భాగం నిజమేనని, చూపినంత మొత్తం మాత్రం కాదని తేల్చాడు. ప్రశ్న మారకుండా మిగిలిన ఆ కొద్ది వరుసలే ఒక దేశపు లెక్కను సరిచూసుకోవడానికి ఆధారమయ్యాయి.