బెంచీలు వరుస కట్టిన చరిత్ర

తరగతి గదిలో పిల్లలను ఎలా కూర్చోబెట్టాలన్న వాదన ఉపాధ్యాయులు కలిసిన చోటల్లా ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది. వరుసల్లో కూర్చోబెడితే పాత పద్ధతి, జట్లుగానో అర్ధచంద్రాకారంలోనో కూర్చోబెడితే కొత్త పద్ధతి అని ఒక ముద్ర పడిపోయింది. చరిత్ర తిరగేస్తే ఆ ముద్ర నిలవదు. వరుస ఒకప్పుడు పెద్ద సంస్కరణ. అర్ధచంద్రాకారమేమో బట్టీ చదువులు రాజ్యమేలిన కాలంలోనే బడిలోకి వచ్చింది.

వరుసలు రాకముందు ఐరోపా బడుల్లో పంతులు తన బల్ల దగ్గర కూర్చుని పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి పాఠం ఒప్పజెప్పించుకునేవాడు. ఆ సేపంతా మిగతావాళ్లు తమ పాఠం వల్లె వేసుకోవాలి, లేదా పక్కవాడిని గిల్లుతూ కాలక్షేపం చేయాలి. చిన్నా పెద్దా ఒకే గదిలో, ఎవరి పుస్తకం వారిది. అందరికీ కలిపి ఒకే పాఠం చెప్పవచ్చని గట్టిగా వాదించినవారిలో 17వ శతాబ్దపు చెక్ విద్యావేత్త కొమీనియస్ ముఖ్యుడు. సూర్యుడు ఒక్కో చెట్టునూ విడివిడిగా పలకరించకుండానే లోకమంతటికీ వెలుగిస్తున్నాడు కదా, ఒక్క గురువు వందలమందికి ఎందుకు చెప్పలేడని ఆయన ప్రశ్న. గురువు ఎత్తయిన చోట నిలబడాలి, అందరి కళ్లూ అతని మీదే ఉండాలి అన్నాడు. వేదిక, దాని ఎదుట శ్రోతలు అన్న ఏర్పాటుకు బీజం అక్కడుంది. ఫ్రాన్సులో క్రైస్తవ మతగురువు లా సాల్ స్థాపించిన సోదర సంఘం బడులు ఇదే బాటలో నడిచాయి. 1720లో అచ్చయిన వారి నియమావళి ప్రతి పిల్లవాడికీ తరగతిలో ఒక స్థానం కేటాయించింది.

అర్ధచంద్రాకారం కథ లండన్‌కు తీసుకువెళ్తుంది. 1798లో జోసెఫ్ లాంకాస్టర్ అక్కడ సౌత్‌వార్క్ ప్రాంతంలో పేద పిల్లలకు బడి పెట్టాడు. పిల్లలు వందల్లో చేరారు, ఉపాధ్యాయుడు తానొక్కడే, జీతమిచ్చి ఇంకొకరిని పెట్టుకునే స్తోమత లేదు. కాస్త చదువు వచ్చిన పిల్లలకు చిన్నపిల్లలను అప్పగించి, వారికి మానిటర్లని పేరు పెట్టాడు. దాదాపు ఇదే పద్ధతిని ఆండ్రూ బెల్ అంతకుముందే మద్రాసు అనాథాశ్రమంలో నడిపాడు. 1789లో ఆయన అక్కడ బాధ్యత తీసుకున్నాడు. అక్కడి ఒక స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి ఆ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు. 1797లో ఆ అనుభవాన్ని లండన్‌లో ప్రచురించాడు. ఎవరు ముందన్న తగవు ఇద్దరి అనుచరుల మధ్య ఏళ్ల తరబడి సాగింది. ఇసుక ఘనత మాత్రం ఇద్దరిదీ కాదు.

లాంకాస్టర్ గదిని కాస్త దగ్గర నుంచి చూడాలి. అడ్డుగోడలు లేని పొడవాటి హాలు. వెనక కూర్చున్నవాళ్లు కూడా కనిపించేలా నేల వెనక్కి పోయేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. మధ్యలో పొడవాటి రాత బల్లలు, అన్నీ వేదిక వైపే తిరిగి ఉంటాయి. చిన్నపిల్లలకు ఇసుక పోసిన బల్ల. చుట్టూ గోడల వెంట నేల మీద అర్ధవృత్తాలు గీసి ఉంటాయి. చదివే వేళకు జట్లు జట్లుగా లేచి ఆ గీతల మీద నిలబడాలి, ఎదురుగా గోడకు వేలాడే పాఠం అట్టను మానిటర్ చూపిస్తుంటే పైకి చదవాలి. ఒక్క అట్ట జట్టు మొత్తానికి సరిపోతుంది, పుస్తకాల ఖర్చు తప్పుతుంది. టోపీలు తగిలించడానికి కొక్కేలు కూడా దండగే అనుకున్నారు. తాడు కట్టి వీపున వేలాడదీసుకోమన్నారు, దానికీ ఒక ఆజ్ఞ ఉండేది. ఈ గదిలో అర్ధచంద్రాకారం పిల్లలు మాట్లాడుకోవడానికి పుట్టలేదు. ఒక అట్ట పదిమందికి కనిపించాలంటే అంతకంటే తేలికైన దారి లేదు, అంతే.

19వ శతాబ్దం నడిచేకొద్దీ హాలు గదులుగా విడిపోయింది. వయసును బట్టి తరగతులు, తరగతికో గది, గదికో ఉపాధ్యాయుడు. అమెరికాలో ఇందుకు నమూనాగా చెప్పేది 1847-48లో బోస్టన్‌లో వెలసిన క్విన్సీ గ్రామర్ స్కూలు. జాన్ ఫిల్‌బ్రిక్ దాని ప్రధానోపాధ్యాయుడు. గదికి యాభైమందికి పైగా పిల్లలున్నా, అక్కడ ప్రతివారికీ సొంత బల్ల, సొంత కుర్చీ. పొడవాటి బెంచీలో ఒకరు బయటికి రావాలంటే నలుగురు లేవాల్సి వచ్చేది. ఆ బాధ తీరింది, తనదంటూ ఒక చోటు దక్కింది. ఇనుప కాళ్ల బల్లలను నేలకు బోల్టులతో బిగించడం ఇప్పుడు మనకు క్రూరంగా కనిపిస్తుంది. చప్పుడు లేకుండా, వరుస చెదరకుండా, ఊడ్చుకోవడానికి వీలుగా ఉండటం ఆనాటి వారి లెక్క. నల్లబల్ల కూడా ఆ శతాబ్దంలోనే స్థిరపడి చూపులన్నిటినీ ఒకే గోడకు కట్టేసింది.

ఆ తర్వాత రంగంలోకి దిగినవారు వైద్యులు. జర్మన్ కంటి వైద్యుడు హెర్మన్ కోన్ బ్రెస్లావ్ నగరంలో 10,060 మంది పిల్లల కళ్లు పరీక్షించి 1867లో ఫలితాలు వెల్లడించాడు. పై తరగతులకు వెళ్లేకొద్దీ హ్రస్వదృష్టి, అంటే దూరంలోనివి మసకగా కనిపించే లోపం, పెరుగుతోందని తేలింది. చాలని వెలుతురు మీద, పిల్లల ఎత్తుకు సరిపడని బల్లల మీద నింద పడింది. వెలుతురు ఎడమ వైపు నుంచే రావాలన్న నియమం ఆ కాలంలో బలపడింది, కుడిచేతి నీడ రాసే అక్షరం మీద పడకూడదని. లండన్ స్కూలు బోర్డు వాస్తుశిల్పి ఇ.ఆర్. రాబ్సన్ 1874 నాటి తన గ్రంథంలో దాన్ని నొక్కి చెప్పాడు. ఎడమచేతి వాటం పిల్లలు తమ నీడలోనే రాసుకోవాల్సి వచ్చిందన్నది అప్పట్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు. మొత్తానికి కిటికీలు ఎడమ గోడకు, నల్లబల్ల ఎదుటి గోడకు ఖాయమయ్యాయి. ఇక పిల్లలను ఇంకో వైపు తిప్పే వీలు లేదు. విద్యుద్దీపాలు వచ్చాక ఆ నియమానికి అవసరం తగ్గింది గాని, కట్టిన గదులు ఎక్కడికి పోతాయి?

ఈ ఏర్పాటుకు ఎదురుతిరిగినవారిలో అమెరికన్ తత్త్వవేత్త జాన్ డ్యూయీ మాట ఇప్పటికీ పదునుగానే ఉంది. షికాగోలో విద్యా ప్రయోగాలకని పెట్టిన తన బడి కోసం ఆయన బల్లల దుకాణాలన్నీ తిరిగాడట. చివరికి ఒక దుకాణదారు, మీకు కావలసినవి పిల్లలు పని చేసుకునే బల్లలు, మా దగ్గరున్నవన్నీ వినడానికి పనికొచ్చేవి అన్నాడని 1899లో రాశాడు. 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజోలో ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి తెరిచిన బాలల గృహం ఆ లోటుకు చేతలతో జవాబిచ్చింది. పిల్లలే ఎత్తి జరుపుకోగల తేలికైన బల్లలు, కుర్చీలు, వాళ్ల చేతికందే ఎత్తులో అరలు. కుర్చీ కిందపడి చప్పుడైతే తన కదలిక సరిగ్గా లేదని పిల్లవాడికే తెలుస్తుందన్నది ఆమె వాదన. బోల్టులు వేసి నివారించిన చప్పుడును ఆమె పాఠంగా మార్చుకుంది.

20వ శతాబ్దం రెండో సగంలో జట్టు బల్లల వంతు వచ్చింది. ఇంగ్లండులో ప్రాథమిక విద్య మీద వెలువడిన 1967 నాటి ప్లౌడెన్ నివేదిక తర్వాత ప్రాథమిక బడుల్లో వరుసలు వేగంగా మాయమయ్యాయి. కొన్నిచోట్ల గోడలే తీసేశారు. పక్క తరగతి పాఠం చెవిన పడుతుంటే తమ పాఠం సాగక, ఉపాధ్యాయులు అల్మారాలు అడ్డం పెట్టుకున్నారు, కాలక్రమంలో గోడలు తిరిగి లేచాయి. జట్టు బల్లలు మాత్రం నిలిచాయి. కాని విద్యా పరిశోధకుడు మారిస్ గాల్టన్ బృందం తరగతుల్లో కూర్చుని గమనించి 1980లో ప్రచురించిన అధ్యయనం ఇబ్బందికరమైన సంగతి చెప్పింది. పిల్లలు జట్టుగా కూర్చుంటున్నారు, పని మాత్రం ఎవరిది వారే చేసుకుంటున్నారు! ఎదురుగా స్నేహితుడి ముఖం, చేతిలో ఒంటరిగా చేయాల్సిన లెక్క. మరుసటి ఏడాది ఇంగ్లండులోనే కెవిన్ వెల్డాల్ తోటివారితో కలిసి అవే తరగతులను కొన్నాళ్లు జట్లుగా, కొన్నాళ్లు వరుసలుగా కూర్చోబెట్టి చూశాడు. సొంతంగా చేయాల్సిన పనిలో వరుసల్లోనే శ్రద్ధ పెరిగింది, ఎక్కువగా దృష్టి తప్పే పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. చర్చ, కలిసి ఆలోచించడం కావాలంటే ముఖాలు ఎదురెదురుగా ఉండాల్సిందే. కాబట్టి ఏది మేలన్న ప్రశ్న ఆకారం గురించి అడిగితే తెగదు, ఆ గంటలో పిల్లలు ఏం చేయబోతున్నారని అడగాలి.

వరుసల బలహీనతా దాచేది కాదు. ఉపాధ్యాయుడికీ పిల్లలకూ మధ్య మాటలు ఎక్కువగా ముందు వరుసలోనూ మధ్య బారులోనూ సాగుతాయని ఆడమ్స్, బిడిల్ అనే పరిశోధకులు 1970లో గుర్తించారు. మూలల్లో ఉన్నవారికి పాఠం అందేది తక్కువ. గోడల విషయంలోనూ జాగ్రత్త అవసరమే. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 24 మంది చిన్నపిల్లలకు కొన్ని పాఠాలు బొమ్మలతో నింపిన గదిలో, కొన్ని ఖాళీ గోడల గదిలో చెప్పారు. పరీక్షలో సరైన జవాబులు మొదటి గదిలో 42 శాతం, రెండో గదిలో 55 శాతం. చిన్న అధ్యయనమే. అయినా బడి తనిఖీకి వచ్చి, చార్టులు లేని గోడను తప్పుగా చూసే అధికారులు చదవదగ్గది.

గది ఇరుకు, పిల్లలు యాభైమంది, బెంచీలు బరువు అయిన చోట ఇదంతా ఎలా అంటే, ముందుగా కావలసింది బెంచీల మధ్య నడవా. ఉపాధ్యాయుడు ఏ పిల్లవాడి పక్కకైనా నడిచి వెళ్లగలిగితే మూలలు కొంత తగ్గుతాయి. ఆపైన పిల్లల చోట్లు వారం వారం మార్చవచ్చు. జట్టు పని వచ్చినప్పుడు బెంచీని కదపనక్కర లేదు. ఒకటో వరుస, మూడో వరుస పిల్లలు బెంచీ మీదే వెనక్కి తిరిగి కూర్చుంటే వెనక వరుస బల్ల ఇద్దరికీ ఉమ్మడి అవుతుంది, పని అయ్యాక మళ్లీ ముందుకు తిరుగుతారు.