మీరు సెలవులో ఉన్న వారం పని ఎలా సాగింది? నాయకత్వం, ఉద్యోగుల ప్రేరణ: అపోహలు – వాస్తవాలు

పదిహేడేళ్లుగా నా పని ఒక్కటే. నిన్నటివరకూ బృందంలో ఒకరిగా ఉండి, ఇవాళ అదే బృందానికి పెద్దయినవారికి మనుషులను నడిపించడం నేర్పుతాను. శిక్షణ మొదటి రోజున అందరికీ ఒక చీటీ ఇచ్చి, నిద్ర పట్టనివ్వని సమస్య ఒక్కటి రాయమంటాను. సగానికి పైగా చీటీల్లో ఒకే మాట ఉంటుంది: "మావాళ్లలో ఉత్సాహం లేదు, ఎలా తెప్పించాలి?"

ఉత్సాహం అనేది పైనుంచి మనం పోయాల్సిన వస్తువు అన్న నమ్మకం ఆ ప్రశ్నలోనే ఉంది. కానీ ఉద్యోగంలో చేరిన మొదటి రోజున నీరసంగా వచ్చినవారిని నేను చాలా తక్కువ మందిని చూశాను. వచ్చేటప్పుడు ఉన్నది తర్వాత ఎక్కడ ఇంకిపోయిందో వెతకాలి. ఆ వెతుకులాటకు అడ్డం పడే కొన్ని అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కఠినంగా ఉంటేనే పని జరుగుతుంది.

ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే ఇది ఇంతకాలం బతికింది. 1939లో మనస్తత్వ పరిశోధకులు కర్ట్ లెవిన్, రొనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అమెరికాలో జరిపిన ఒక ప్రయోగం గురించి ప్రచురించారు. పదేళ్ల అబ్బాయిలను చిన్న చిన్న బృందాలుగా చేసి, మాస్కుల తయారీ లాంటి పనులు ఇచ్చారు. ఒక్కో దశలో ఒక్కో రకమైన పెద్దను పెట్టారు. ఒకరు అన్నీ తానే నిర్ణయించి ఆజ్ఞాపిస్తారు. ఒకరు అందరితో చర్చించి పని నడిపిస్తారు. ఇంకొకరు అడిగితే తప్ప పట్టించుకోరు. ఆజ్ఞాపించే పెద్ద ఎదురుగా ఉన్నంతసేపూ పని బాగానే సాగింది. ఆయన గదిలోంచి బయటికి వెళ్లగానే పిల్లలు పనిమీద పెట్టే సమయం సగానికన్నా కిందికి పడిపోయింది. చర్చించి నడిపించిన బృందాల్లో మాత్రం పెద్ద ఉన్నా లేకపోయినా పెద్దగా తేడా రాలేదు.

వాళ్లు పిల్లలు, చేసింది సరదా పని, సంఖ్యా తక్కువే. దాన్ని యథాతథంగా కార్యాలయానికి అంటగట్టకూడదు. అయినా "నాయకుడు లేనప్పుడు ఏం జరుగుతోంది?" అన్న ఆ పరిశోధకుల ప్రశ్నకు మించిన కొలబద్ద నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఒక ప్యాకింగ్ విభాగంలో జరిగినది చెబుతాను. అక్కడి సూపర్‌వైజర్ నిజాయతీపరుడు, కష్టజీవి. తన విభాగం నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాదని గర్వంగా చెప్పేవాడు. కుటుంబ అవసరం మీద ఆయన పది రోజులు సెలవు పెట్టాడు. ఆయన స్థానంలో వచ్చిన అమ్మాయి మొదటి రోజే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "మీకు ఇబ్బందిగా ఉన్నవి ఏమిటి?" అని అడిగింది. రెండో రోజుకల్లా ఆమె చేతిలో పెద్ద జాబితా తయారైంది. ఒక యంత్రం మూడు నెలలుగా వింత శబ్దం చేస్తోంది. ఒక కొలత తప్పని ఇద్దరికి తెలుసు. చెప్తే తిట్లు పడతాయని ఎవరూ నోరు విప్పలేదు. ఫిర్యాదులు లేకపోవడం అక్కడ భయానికి గుర్తు.

పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్సన్‌కూ ఇలాంటి అనుభవమే ఎదురైంది. ఆస్పత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలిస్తే, మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడివారు తప్పు జరిగితే దాచకుండా చెప్పగలుగుతున్నారన్నది ఆమె ఇచ్చిన వివరణ. కఠినత్వం మీద మోజున్న ప్రతి మేనేజర్‌కూ నేను ముందు ఈ సంగతి చెబుతాను.

అపోహ: అయితే స్వేచ్ఛ ఇచ్చేసి పక్కకు తప్పుకుంటే చాలు.

కాదు. లెవిన్ బృందం ప్రయోగంలో పట్టించుకోని పెద్ద దగ్గర పని తక్కువగానూ, నాసిగానూ జరిగింది. స్వేచ్ఛ ఇవ్వాలంటే ముందు గమ్యం స్పష్టంగా చెప్పాలి, కావలసిన వనరులు అందించాలి, దారి మాత్రం వారికి వదలాలి. గమ్యం కూడా చెప్పకపోతే అది గాలికి వదిలేయడమే.

అపోహ: మంచి నాయకుడికి ఒకే శైలి ఉంటుంది.

అనుభవజ్ఞుడికి ప్రతి మెట్టూ వివరిస్తే అవమానంగా తోస్తుంది. నిన్న చేరిన వ్యక్తికి "నీ ఇష్టం, నువ్వే చూసుకో" అంటే అనాథను చేసినట్టు ఉంటుంది. పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ 1969లో ముందుకు తెచ్చిన సందర్భానుసార నాయకత్వం సారాంశం ఇదే. వాళ్లు గీసిన నాలుగు గడుల పట్టికకు పరిశోధనల మద్దతు బలంగా లేదు. ఎదుటివారి సామర్థ్యాన్ని చూసి మార్గదర్శనాన్ని పెంచడం, తగ్గించడం అన్న మూల ఆలోచన మాత్రం రోజూ పనికొస్తుంది.

దీన్ని ఏ ఎండకా గొడుగు పట్టడంగా అర్థం చేసుకునేవారూ ఉన్నారు. మారాల్సింది మార్గదర్శనం పాళ్లు మాత్రమే. మాట మీద నిలబడటం, అందరికీ ఒకే న్యాయం వర్తింపజేయడం మనిషిని బట్టీ మారకూడదు, రోజును బట్టీ మారకూడదు.

అపోహ: జీతం పెంచితే అన్నీ సర్దుకుంటాయి. దీనికి కవల అపోహ: డబ్బు ముఖ్యం కాదు, గుర్తింపు చాలు.

రెండోది నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. తక్కువ జీతం ఇస్తూ చప్పట్లతో సరిపెట్టేవారికి అది సాకుగా మారింది. దానికి మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ పేరును వాడుకుంటారు. ఆయన బృందం సుమారు 200 మంది ఇంజనీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి 1959లో ఫలితాలు వెల్లడించింది. అసంతృప్తికి కారణాలు వేరు, సంతృప్తికి కారణాలు వేరు అన్నది వారి వాదం. జీతం, పని పరిస్థితులు, పర్యవేక్షణ సరిగా లేకపోతే మనిషి అసంతృప్తికి లోనవుతాడు. అవి సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. దానికి పనిలో సాధన, గుర్తింపు, బాధ్యత కావాలి. జీతం అనవసరమని ఆయన ఎక్కడా అనలేదు. ఆ అధ్యయనం పద్ధతి మీద విమర్శలూ ఉన్నాయి. మంచి జరిగితే తన గొప్ప, చెడు జరిగితే సంస్థ తప్పు అని చెప్పుకోవడం మనిషి సహజ గుణం కదా.

డబ్బును ఎరగా వాడితే మరో ఇబ్బంది. 1971లో ఎడ్వర్డ్ డెసీ విద్యార్థులకు పజిళ్లు ఇచ్చి, కొందరికి డబ్బు చెల్లించాడు. చెల్లింపు ఆపాక, ఖాళీ సమయంలో వాళ్లకు పజిళ్ల మీద ఆసక్తి తగ్గింది. 1999లో 128 ప్రయోగాలను కలిపి చూసినప్పుడు కూడా, ఆసక్తికరమైన పనికి ముందే ప్రకటించిన బహుమతి సహజమైన ఇష్టాన్ని తగ్గిస్తుందనీ, మనస్ఫూర్తి ప్రశంస దాన్ని పెంచుతుందనీ తేలింది. అసలు ఆసక్తే లేని పనికి ఈ లెక్క వర్తించదు. పని పరిమాణం పెరగాలంటే ప్రోత్సాహకాలు పనిచేస్తాయి. నాణ్యత మాత్రం లోపలి ఇష్టంతోనే ఎక్కువగా ముడిపడి ఉంటుంది.

రాజీనామా చేసినవారితో చివరి రోజున కూర్చుని మాట్లాడటం నా బాధ్యతల్లో ఒకటి. "జీతం తక్కువ" అన్నవారిని ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే అసలు గాయం బయటపడుతుంది. తన దగ్గర పని నేర్చుకున్న కొత్తవారికి తనకన్నా ఎక్కువ ఇచ్చారని తెలిసిన రోజే వాళ్లు మనసులో రాజీనామా రాసేసుకున్నారు. అక్కడ తూకం తప్పింది. నాలుగు ఇంక్రిమెంట్లు ఇచ్చినా ఆ తూకం సరిచేయకపోతే మనిషి నిలవడు.

అపోహ: మాస్లో పిరమిడ్‌లో ఒక మెట్టు నిండాకే పై మెట్టు.

మనిషి అవసరాలను మెట్లుగా పేర్చి, అడుగున తిండి, భద్రత, పైన గౌరవం, ఎదుగుదల చూపే బొమ్మనే మాస్లో పిరమిడ్ అంటారు. 1943 నాటి మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో వ్యాసంలో ఆ పిరమిడ్ బొమ్మే లేదు. ఒక అవసరం పూర్తిగా తీరాకే తర్వాతిది మొదలవుతుందనుకోవడం పొరపాటని ఆయనే అందులో రాశాడు. కింది స్థాయి ఉద్యోగికి గౌరవం, ఎదుగుదల తర్వాతి సంగతి అనేవారు ఆ వ్యాసాన్ని ఒకసారి చదవాలి.

అపోహ: ఫీడ్‌బ్యాక్ ఎంత ఎక్కువైతే అంత మంచిది.

1996లో అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి ఈ అంశంపై వందలాది ఫలితాలను కలిపి చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గింది. మాట పనిని వదిలి మనిషి మీదికి మళ్లినప్పుడు ప్రమాదం ఎక్కువ. "నువ్వెప్పుడూ ఇంతే, అజాగ్రత్త" అంటే విన్నవారు తమను తాము కాపాడుకునే పనిలో పడతారు. "మూడో పేజీలోని మొత్తం, ఐదో పేజీలోని మొత్తంతో సరిపోలడం లేదు" అంటే వెంటనే మూడో పేజీ తెరుస్తారు. నాలుగైదు వారాల పాటు మీరన్న మాటలను గుర్తున్నంతవరకు రాసి పెట్టుకోండి. మనిషి మీద ఎన్ని పడ్డాయో, పని మీద ఎన్ని పడ్డాయో కనిపిస్తుంది.

అపోహ: మంచి ప్రసంగం చేస్తే బృందం మేల్కొంటుంది.

ప్రసంగం వేడి మర్నాటికి ఉండదు. 2007లో ఆడమ్ గ్రాంట్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక ప్రయోగంలో, విశ్వవిద్యాలయం కోసం ఫోనులో విరాళాలు అడిగే ఉద్యోగులు ఆ డబ్బుతో స్కాలర్‌షిప్ పొందిన విద్యార్థిని కొద్ది నిమిషాలు కలిశారు. నెల తర్వాత చూస్తే వారు ఫోనులో గడిపే సమయం రెట్టింపు దాటింది. తమ పని ఎవరికి చేరుతోందో కళ్లారా చూడటమే దానికి కారణం.

థెరిసా అమాబిలే బృందం 238 మంది ఉద్యోగులు రాసిన దాదాపు 12,000 రోజువారీ నమోదులను పరిశీలించింది. మంచి రోజులను చెడ్డ రోజుల నుంచి వేరు చేసినది అన్నిటికన్నా ఎక్కువగా ఒక్కటే: అర్థవంతమైన పనిలో, ఎంత చిన్నదైనా, ఒక అడుగు ముందుకు పడటం. అందుకే శిక్షణ చివరి రోజున నేను మేనేజర్ల చేత ప్రసంగాలు రాయించను. మీ బృందంలో ప్రతి ఒక్కరినీ "ఈ వారం నీ పని ఎక్కడ ఆగింది?" అని అడిగి జవాబులు రాసుకు రమ్మంటాను. ఆ కాగితాలన్నీ కలిపి చూస్తే యంత్రాలు, కంప్యూటర్లు, వేరే విభాగాల జాప్యం కనిపిస్తాయి. వాటన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపించేది, ఆ మేనేజర్ బల్ల మీదే సంతకం కోసం ఆగిపోయిన కాగితం.